ప్లగిన్ మీదే, అందులో ఉన్నదంతా మీది కాదు

అమెరికాలో ఉన్న ఒక తెలుగు సంఘానికి నాలుగేళ్ళ కిందట చిన్న వర్డ్‌ప్రెస్ ప్లగిన్ రాసిచ్చాను. వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్, ప్లగిన్ దానికి తగిలించే చిన్న ప్రోగ్రాము. సైటులో ఒక పక్క ఆ రోజు తిథి, నక్షత్రం, రాహుకాలం చూపిస్తుంది. దాని కింద సంక్రాంతి, ఉగాది వేడుకల ఫొటోలు గ్యాలరీలా తెరుచుకుంటాయి. దాని పని అది చేసుకుపోతోంది, ఎవరూ ఏమీ అనలేదు. మొన్న వేసవిలో సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "బాబూ, పక్క రాష్ట్రం వాళ్ళకు మన పంచాంగం తెగ నచ్చిందట. జిప్ చేసి పంపించేస్తాను. డబ్బులేం తీసుకోవడం లేదులే."

"పంపించేయండి అంకుల్" అని నోటిదాకా వచ్చింది. ఎందుకైనా మంచిదని రెండు రోజులు ఆగమన్నాను. ఆ రాత్రి ఫోల్డర్ తెరిచి, ఒక్కో ఫైలు తలమీద ఏం రాసుందో చదవడం మొదలుపెట్టాను.

నేను రాసిన పీహెచ్‌పీ ఫైళ్ళు మూడే మూడు. మిగతావన్నీ చుట్టాలే. గ్రహస్థితులు లెక్కగట్టే స్విస్ ఎఫిమెరిస్, గ్యాలరీకి ఫ్యాన్సీబాక్స్ రెండో వెర్షన్, తేదీలకు డే.జేఎస్, వేడుకల పట్టికను గూగుల్ క్యాలెండర్ నుంచి తెచ్చే గూగుల్ పీహెచ్‌పీ క్లయింట్, మండలి ఫాంటు, స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు నుంచి ఎత్తుకొచ్చిన పదకొండు లైన్ల ఫంక్షను, ఒక ఉగాది పచ్చడి ఫొటో. అన్నీ పైసా కట్టకుండా దొరికినవే. అన్నిటికీ షరతులు మాత్రం వేరువేరు. ఆ షరతులన్నీ ఒకే జిప్‌లో ఇముడుతాయా అన్నదే లైసెన్సుల పొందిక ప్రశ్న. విడివిడిగా ఏ ఒక్కటీ తప్పు కాదు. కలిపి కట్టి ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు చిక్కు మొదలవుతుంది.

ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లిషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటే ఉచితానికీ స్వేచ్ఛకూ సరిపెట్టుకుని దశాబ్దాలుగా వివరణ ఇచ్చుకుంటున్నారు. మనకు రెండు మాటలున్నాయి. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపేవాళ్ళు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నారు, అక్కడితో తగువు తీరిపోయింది. నా ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఉచితమే, స్వేచ్ఛ మాత్రం కొన్నిటికే ఉంది.

ముందు ఇంటి యజమాని సంగతి. వర్డ్‌ప్రెస్ 2003లో ఉన్నట్టుండి ఊడిపడలేదు. బీ2 అనే పాత బ్లాగు సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంటే మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ దాని కోడ్ తీసుకుని కొత్త పేరుతో నడిపారు. బీ2 జీపీఎల్ కింద, అంటే కోడ్‌ను ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోనిచ్చే లైసెన్సు కింద ఉంది కాబట్టే అలా తీసుకోగలిగారు. తీసుకున్నారు కాబట్టి వర్డ్‌ప్రెస్ కూడా జీపీఎల్ కిందే ఉండాలి. వేరే లైసెన్సుకు మారదామని వాళ్ళే అనుకున్నా కుదరదు. జీపీఎల్ రెండో వెర్షన్ 1991 నాటిది. అందులోని ముఖ్యమైన మెలిక ఇది: ఈ కోడ్‌ను ఆధారం చేసుకుని తయారైన పనిని ఇతరులకు ఇస్తే, ఆ మొత్తాన్నీ ఇదే లైసెన్సు కింద ఇవ్వాలి, పుచ్చుకునేవాడి మీద అదనంగా మరో షరతు పెట్టకూడదు. ఆ ఆఖరి ముక్క గుర్తుంచుకోండి. ఇకముందు వచ్చే తగువులన్నిటికీ మూలం అదే.

మరి ప్లగిన్ 'ఆధారం చేసుకుని తయారైన పని' కిందకు వస్తుందా? వర్డ్‌ప్రెస్ వాళ్ళు వస్తుందనే అంటారు. ప్లగిన్ ఒంటరిగా నడవదు. వర్డ్‌ప్రెస్ ఫంక్షన్లను పిలుస్తుంది, దాని హుక్కులకు తగులుకుంటుంది, ఒకే ప్రాసెస్‌లో అదే డేటాను పంచుకుంటుంది. 2009లో మల్లెన్‌వెగ్ థీముల (సైటు రూపురేఖలు మార్చే ఫైళ్ళ) విషయం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే లాయర్ల సంస్థను అడిగితే, థీములోని పీహెచ్‌పీ భాగం జీపీఎల్ కిందే ఉండాలి, సీఎస్ఎస్, బొమ్మలు అలా ఉండనక్కర్లేదు అని అభిప్రాయం చెప్పారు. దీన్ని ఒప్పుకోని లాయర్లూ ఉన్నారు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాము ఫంక్షన్‌ను పేరు పెట్టి పిలిచినంత మాత్రాన దానికి పుట్టినట్టు అవుతుందా అన్నది వాళ్ళ వాదన. కొట్టిపారేసేది కాదు.

ఈ వాదన 2010 జులైలో బజారున పడింది. అప్పట్లో బాగా అమ్ముడుపోతున్న థీసిస్ అనే థీమును జీపీఎల్ కింద ఇవ్వనని దాన్ని తయారుచేసిన క్రిస్ పియర్సన్ భీష్మించారు. ఆయన, మల్లెన్‌వెగ్ ఒక ఇంటర్వ్యూలో ముఖాముఖి వాదించుకున్నారు. వ్యవహారం కోర్టుదాకా పోతుందని అందరూ అనుకుంటుండగా, థీసిస్‌లో కొన్నిచోట్ల వర్డ్‌ప్రెస్ కోడే ఉన్నట్టు బయటపడింది. ఇక 'ఆధారపడిందా లేదా' అనే వేదాంతచర్చకు చోటెక్కడిది? నెల తిరక్కుండానే పియర్సన్ పీహెచ్‌పీని జీపీఎల్ కింద పెట్టి, సీఎస్ఎస్, బొమ్మలు, జావాస్క్రిప్టుల మీద హక్కులు తనకే ఉంచుకున్నారు. దీన్నే స్ప్లిట్ లైసెన్సు అంటారు. అసలు ప్రశ్న మాత్రం తీర్పు లేకుండానే మిగిలిపోయింది. నామటుకు నేను ఆ ప్రశ్న తేలేదాకా కూర్చోను. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో ప్లగిన్ పెట్టాలంటే కోడూ, బొమ్మలూ, లైబ్రరీలూ అన్నీ జీపీఎల్‌తో పొసగాల్సిందే. వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్లే ఇంకో రెండున్నాయి. జూమ్లా 2009 నుంచి తన ఎక్స్‌టెన్షన్ల డైరెక్టరీని జీపీఎల్‌కే పరిమితం చేసింది. ద్రూపల్ తన సైటులో ఉంచే కోడంతా జీపీఎల్ కింద ఉండాలంటుంది. చట్టం ఏమంటుందో తేలకపోయినా, సంతలో అంగడి పెట్టాలంటే సంత కట్టుబాటు పాటించాలి.

ఇప్పుడు నా చుట్టాల దగ్గరికి వద్దాం.

డే.జేఎస్‌ది ఎంఐటీ లైసెన్సు. దీని కోరిక ఒక్కటే, నా కాపీరైట్ నోటు తీసేయకు అని. ఇది జీపీఎల్ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడి లాంటిది. ఇంటిపేరు మారదు, ఆ నోటు అలాగే ఉంటుంది. నడుచుకునేది మాత్రం ఇంటి పద్ధతుల ప్రకారమే. తిరుగుదారి మాత్రం లేదు. జీపీఎల్ కోడ్‌ను తీసుకెళ్ళి ఎంఐటీ ప్రాజెక్టులో కలిపి, మొత్తం ఎంఐటీ అని ఇవ్వలేం. 'ఈ రెండు లైసెన్సులు పొసగుతాయా' అని చాలామంది అడుగుతారు. ఏది ఏ ఇంట్లోకి వెళ్తోందో చెప్పకుండా ఆ ప్రశ్నకు జవాబుండదు.

ఫ్యాన్సీబాక్స్ దగ్గర నా గుండె ఆగినంత పనైంది. ఫైలు తలమీద క్రియేటివ్ కామన్స్ వాణిజ్యేతర లైసెన్సు, వెర్షన్ 3.0 అని ఉంది. సంఘం వాళ్ళది వ్యాపారం కాదు కదా, పర్వాలేదు అని నాలుగేళ్ళ కిందట అనుకుని ఉంటాను. వాళ్ళ సైటువరకు అది సరే. నా ప్లగిన్ తలమీద మాత్రం జీపీఎల్ అని రాసి ఉంది. జీపీఎల్ అంటే పుచ్చుకున్నవాడు అమ్ముకోవచ్చు కూడా. ఒక చేత్తో అమ్ముకోవచ్చని చెప్పి, రెండో చేత్తో అందులోనే అమ్మకూడని ముక్క పెట్టాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమంటే ఇదే. తమాషా ఏమిటంటే, ఫ్యాన్సీబాక్స్ ఒకటో వెర్షన్ ఎంఐటీ లేదా జీపీఎల్, రెండోది వాణిజ్యేతరం, మూడోది జీపీఎల్ 3 లేదా డబ్బు కట్టి కొనుక్కునే లైసెన్సు. పేరు ఒకటే, ఫైలు చూడ్డానికీ ఒకేలా ఉంటుంది. షరతులు మూడు రకాలు. 'ఫ్యాన్సీబాక్స్ ఓకేనా' అని ఎవరైనా అడిగితే ముందు వెర్షన్ నంబరు చెప్పమనాలి. టైనీఎంసీఈ ఎడిటర్ కూడా అంతే. ఐదో వెర్షన్ దాకా ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కు కాస్త సడలించిన రూపం), 2022లో వచ్చిన ఆరో వెర్షన్ ఎంఐటీ, 2024లో వచ్చిన ఏడోది జీపీఎల్. కళ్ళు మూసుకుని అప్‌డేట్ బటన్ నొక్కితే కోడుతోపాటు ఒప్పందం కూడా మారిపోతుంది.

గూగుల్ పీహెచ్‌పీ క్లయింట్‌ది అపాచీ 2.0 లైసెన్సు. ఇది పెద్దమనిషి తరహా లైసెన్సు, ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చు. అయినా జీపీఎల్ రెండో వెర్షన్‌తో దీనికి పడదు. కారణం పేటెంట్లు. ఈ కోడ్ మీ పేటెంట్‌ను ఉల్లంఘిస్తోందని మీరు కేసు వేస్తే, దాని తాలూకు పేటెంట్ అనుమతి మీకు ఆ రోజే రద్దవుతుందని అపాచీ అంటుంది. న్యాయంగానే ఉంది. కానీ జీపీఎల్ 2 'అదనపు షరతు వద్దు' అంటుంది కదా, ఎంత న్యాయమైనదైనా అది అదనపు షరతే. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్ ఇలాంటి షరతులకు చోటు చేసింది కాబట్టి దానితో అపాచీకి పేచీ లేదు. తీరా చూస్తే జీపీఎల్ 2కూ జీపీఎల్ 3కూ ఒకదానితో ఒకటి పడదు. తండ్రీకొడుకులు ఒకే గొడుగు కింద నిలబడలేని పరిస్థితి.

దీన్ని దాటించేవి రెండే రెండు మాటలు: 'ఆర్ లేటర్'. వర్డ్‌ప్రెస్ లైసెన్సు 'జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతి వెర్షన్'. కాబట్టి పుచ్చుకున్నవాడు దాన్ని మూడో వెర్షన్‌గా లెక్కలోకి తీసుకోవచ్చు, అప్పుడు అపాచీ ముక్క పక్కన నిశ్చింతగా కూర్చుంటుంది. లినక్స్ కెర్నెల్‌కు ఈ వెసులుబాటు లేదు, అది రెండో వెర్షన్‌కే కట్టుబడింది. నా ప్లగిన్ తలమీద ఏముందో చూసుకున్నాను. ఉత్త 'జీపీఎల్ 2' అని ఉంది. అప్పట్లో ఎక్కడినుంచో కాపీ కొట్టి ఉంటాను. ఆ కోడ్ నాదే కాబట్టి ఆ రెండు మాటలూ చేర్చే హక్కు నాకుంది, చేర్చాను. ఇంకొకరి కోడై ఉంటే వాళ్ళను బతిమాలుకోవాల్సిందే.

పేటెంటు షరతు పుస్తకాల్లో ఉండే సంగతి అనుకునేవాళ్ళకు 2017 గుర్తుచేయాలి. వర్డ్‌ప్రెస్ కొత్త ఎడిటర్ గూటెన్‌బర్గ్‌ను ఫేస్‌బుక్‌వారి రియాక్ట్ అనే జావాస్క్రిప్టు లైబ్రరీ మీద కడుతున్నారు. రియాక్ట్‌కు బీఎస్‌డీ లైసెన్సుతోపాటు ఒక పేటెంట్ కాగితం తోకలా ఉండేది. మీరు ఫేస్‌బుక్ మీద ఏ పేటెంట్ కేసు వేసినా, అది రియాక్ట్‌కు సంబంధం లేనిదైనా సరే, ఆ అనుమతి పోతుందని దాని సారాంశం. ఆ జులైలో అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లోకి దాన్ని రానివ్వనంది. సెప్టెంబరులో మల్లెన్‌వెగ్ రియాక్ట్ వదిలేస్తున్నామని ప్రకటించారు. పెద్ద పని వెనక్కు పోయినా సరే తప్పదన్నారు. సుమారు వారం తిరిగేసరికి ఫేస్‌బుక్ దిగొచ్చి రియాక్ట్‌ను ఎంఐటీ కిందకు మార్చింది. అంత పెద్ద కంపెనీ ఒక లైసెన్సు విషయంలో తగ్గడం మళ్ళీ మళ్ళీ చూసే దృశ్యం కాదు.

అన్నిటికన్నా ముదురు కేసు స్విస్ ఎఫిమెరిస్. పంచాంగం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో దీని పేరు వినని వాళ్ళు తక్కువ. ఏజీపీఎల్ కింద ఉచితంగా తీసుకోవచ్చు, లేదా డబ్బు కట్టి వేరే లైసెన్సు కొనుక్కోవచ్చు. ఏజీపీఎల్ ఎందుకు పుట్టిందో చెప్పాలి. జీపీఎల్ బాధ్యతలు కోడ్‌ను ఇతరులకు ఇచ్చినప్పుడు మొదలవుతాయి. మీ సర్వర్లో మీరు నడుపుకుంటే అది ఇవ్వడం కాదు. అంటే జీపీఎల్ కోడ్‌ను మార్చుకుని, దానిమీద వెబ్‌సైటు నడిపి, మార్పులు ఎవరికీ చూపకుండా కాలం గడపొచ్చు. ఈ సందును మూయడానికి 2007 నవంబరులో ఏజీపీఎల్ 3 వచ్చింది. మీరు ప్రోగ్రామును మార్చి నెట్‌వర్క్ మీద జనానికి వాడకానికి పెడితే, ఆ వాడేవాళ్ళకు మార్చిన సోర్సు అందుబాటులో పెట్టాలంటుంది. మార్చకుండా నడిపితే ఆ షరతు తగలదు. అవతలివాళ్ళకు ఫైళ్ళు ఇచ్చినప్పుడు మాత్రం మార్చినా మార్చకపోయినా సోర్సు ఇవ్వాల్సిందే.

నేను దీన్ని ప్లగిన్‌లో కలిపిన తీరు నన్ను కొంత కాపాడింది. స్విస్ ఎఫిమెరిస్‌తో స్వీటెస్ట్ అనే కమాండ్ లైన్ ప్రోగ్రాము వస్తుంది. నా పీహెచ్‌పీ దాన్ని ఎగ్జెక్ అనే ఫంక్షన్‌తో విడిగా నడిపి, అది అచ్చువేసిన అంకెలను చదువుకుంటుంది, అంతే. ఇలా విడి ప్రాసెస్‌గా పిలిచి, మాటా మంతీ అంతటితో ఆగిపోతే అవి రెండు వేరు ప్రోగ్రాములని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా అంటుంది. అదే దాన్ని పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్‌గా మార్చి ఫంక్షన్లను నేరుగా పిలిచుంటే, రెండూ కలిసి ఒకే పని అయ్యేవి. అప్పుడు కూడా దారి మూసుకుపోదు. జీపీఎల్ 3, ఏజీపీఎల్ 3 ఒకదాన్నొకటి అనుమతించేలా రెండిటిలోనూ వాక్యాలు రాసి పెట్టారు. ఆ దారికి కూడా 'ఆర్ లేటర్' ఉండాల్సిందే. నిజం చెప్పాలంటే నేను లైసెన్సు ఆలోచించి ఎగ్జెక్ వాడలేదు. సీ కోడ్‌తో కుస్తీ పట్టే ఓపిక లేక వాడాను. అవతలి సంఘం సైటు ఉన్న షేర్డ్ హోస్టింగులో ఎగ్జెక్ ఆపేసి ఉంటుందేమోనని ఇప్పుడు ఇంకో టెన్షన్.

మండలి ఫాంటు సంగతి హాయి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన తెలుగు ఫాంట్లు, మండలి, రామభద్ర, సురన్న వంటివి, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ప్లగిన్‌తో కలిపి ఇవ్వొచ్చు, ఆ ప్లగిన్‌ను అమ్మొచ్చు, ఫాంటును ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు. లైసెన్సు కాగితం పక్కనే ఉంచాలి. ఒక్క మెలిక ఉంది. వత్తులూ గుణింతాలూ కలిసి తెలుగు ఫాంటు ఫైలు బరువెక్కుతుందని మనం అనవసరమైన అక్షరాలు కత్తిరించి చిన్నది చేస్తుంటాం. అది మార్పు కిందకు వస్తుంది. ఫాంటు పేరును రిజర్వు చేసుకుని ఉంటే, మార్చినదానికి ఆ పేరు వాడకూడదు.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో కోడ్ అందరిదీ అనుకుంటాం. అక్కడి జవాబులు క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ కింద ఉంటాయి, అంటే రాసినవాళ్ళ పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. 2018 మే 2 నుంచి రాసినవి నాలుగో వెర్షన్, అంతకు ముందువి పాత వెర్షన్లు. నాలుగో వెర్షన్‌ను జీపీఎల్ 3లోకి తీసుకోవచ్చని 2015లో క్రియేటివ్ కామన్స్ ప్రకటించింది. జీపీఎల్ 2లోకి మాత్రం రాదు. నేను తెచ్చినది 2013 నాటి జవాబు. పదకొండు లైన్ల కోసం ఇంత గొడవ ఎందుకని, అది చేసే పనేమిటో అర్థం చేసుకుని, పేజీ మూసేసి నా పద్ధతిలో రాసుకున్నాను. కాపీరైట్ రాతకు ఉంటుంది, ఆలోచనకు ఉండదు. నా రాత తొమ్మిది లైన్లే వచ్చింది.

షరతులు మరీ విపరీతానికి పోతే ఎలా ఉంటుందో చెప్పడానికి జేసన్ లైసెన్సు ఉంది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన కోడ్ లైసెన్సులో 'మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు' అని ఒక వాక్యం చేర్చారు. సరదాగా ఉంది. కానీ మంచేదో చెడేదో ఎవరు తేలుస్తారు? ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, లినక్స్ పంపిణీ చేసే డెబియన్ దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా ఒప్పుకోలేదు. పీహెచ్‌పీలో జేసన్ అనే డేటా రూపాన్ని చదివే భాగాన్ని డెబియన్ ఆ ఒక్క వాక్యం కోసం మార్చుకుంది.

డబ్బు దగ్గర ఇంకో అపోహ ఉంది. జీపీఎల్ ప్లగిన్‌ను అమ్ముకోవచ్చు, దాని మీద బతుకుతున్న కంపెనీలెన్నో ఉన్నాయి. వాళ్ళు ఇచ్చే లైసెన్సు కీ కోడుకు తాళం కాదు, అప్‌డేట్లకూ సపోర్టుకూ చందా రసీదు. కొన్నవాడు ఆ కోడ్‌ను ఊరంతా పంచినా లైసెన్సు అడ్డు చెప్పదు. అలా పంచే 'నల్డ్' సైట్ల నుంచి దించుకుంటే అందులో ఇంకేం దూర్చారో అన్న భయం వేరే సంగతి. కోడ్ స్వేచ్ఛ పేరుకు వర్తించదు కూడా. 2024లో వర్డ్‌ప్రెస్‌కూ డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ మొదలైన తగువులో జీపీఎల్ కోడ్ ఎవరిదన్నది గొడవే కాలేదు, ఎక్కువ రచ్చ ట్రేడ్‌మార్కు మీదా, డైరెక్టరీ ఎవరి చేతిలో ఉందన్నదాని మీదా జరిగింది.

మనలా ఇక్కడ కూర్చుని బయటి క్లయింట్లకు రాసిచ్చేవాళ్ళు చూసుకోవాల్సింది ఇంకొకటి. భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది. ఫ్రీలాన్సరు రాసినది ఫ్రీలాన్సరుదే, రాతపూర్వకంగా సంతకం చేసి బదిలీ చేస్తే తప్ప. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ 19వ సెక్షను లెక్కగడుతుంది. 'సర్వహక్కులూ క్లయింటువే' అని ఒక్క లైను ఈమెయిల్ రాసి ఊరుకునేవాళ్ళు ఇది ఒకసారి చదువుకోవాలి. నా విషయంలో ఏ కాగితమూ లేదు. కోడ్ నాదే. జీపీఎల్ కింద సంఘానికి ఇచ్చాను కాబట్టి, ఇంకొకరికి పంపడానికి కార్యదర్శిగారు నన్ను అడగాల్సిన పని కూడా లేదు. ఆయన మర్యాదస్థుడు, అడిగారు. అడగబట్టే పిల్లి దొరికింది.

ఫ్యాన్సీబాక్స్ తీసేసి ఎంఐటీ కింద ఉన్న వేరే గ్యాలరీ పెట్టాను. స్వీటెస్ట్‌ను జిప్ నుంచి తప్పించి, దాన్ని సర్వర్లో విడిగా ఎలా పెట్టుకోవాలో రీడ్‌మీలో రాశాను. ఏ ఫైలు ఎవరిదో, ఏ లైసెన్సో అందులోనే ఒక పేరా చేర్చాను. చివరికి ఉగాది పచ్చడి ఫొటో మిగిలింది. గూగుల్ బొమ్మల్లో దొరికినదని తప్ప దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియవు. లైసెన్సు రాసి లేదంటే హక్కులన్నీ తీసినవాళ్ళవేనని అర్థం. కొత్తది తీద్దామంటే వేపపువ్వు కాలం దాటిపోయింది. కిందటి ఉగాదికి సంఘంలో తీసిన ఫొటో ఏదైనా ఉందా అని కార్యదర్శిగారిని అడిగాను. కాస్త మసకగా ఉన్నది ఒకటి పంపారు.

"అంకుల్, దీన్ని సీసీ0 కింద, అంటే హక్కులన్నీ వదులుకుని ఇస్తున్నానని వాట్సాప్‌లో ఒక ముక్క రాయండి."

"ఓరి నీ దుంపతెగ, దీనికీ కాగితమేనా? సర్లే రాస్తాను. అయినా ఫొటో తీసింది నేను కాదు, మీ ఆంటీ."

"అయితే ఆంటీ ఫోన్ నుంచి రాయించండి."

పది నిమిషాలకు ఆవిడ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. సీసీ0 అని రాసి, దాని కింద, "పచ్చడిలో బెల్లం తక్కువైంది, అది మాత్రం ఎవరికీ చెప్పకు నాన్నా" అని ఉంది.